ముందు సంతకం

నర్సమ్మ ఇంటికీ పెద్దాయన ఇంటికీ మధ్య నాలుగే గుమ్మాలు. చెప్పులు వేసుకునేంత సేపు కూడా పట్టదు చేరుకోవడానికి. అలాంటి ఇంటికి ఆవిడ బస్సెక్కి ఊరి ఆ చివరిదాకా పోయి, మళ్ళీ ఇంకో బస్సెక్కి వెనక్కి రావాల్సి వచ్చింది. ఇదెక్కడి చోద్యం అంటారా? నేనూ అదే అన్నాను. చెబుతాను, వినండి.

ఆవిడ రోగుల ఇళ్ళకు తిరిగే నర్సు. ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రి ఇంటికి పంపేసిన వాళ్ళకు కట్లు మార్చడం, నొప్పికి సూదిమందు ఇవ్వడం ఆవిడ పని. పెద్దాయనకు కడుపులో రాచపుండు, బాగా ముదిరి పైకి పగిలింది. సాయంత్రం ఆవిడ వేసిన మందు తెల్లారేసరికి దిగిపోయేది. అందుకని నర్సమ్మ రోజూ ఏడింటికల్లా వెళ్ళి, సూది వేసి, కట్టు మార్చి, ఆ తర్వాతే బస్సెక్కి తనను పంపే ఆఫీసుకు పోయి హాజరు సంతకం పెట్టేది. మందు పెట్టె ఆయన మంచం పక్కనే ఉండేది. తాళంచెవి మాత్రం ఆవిడ సంచిలో. అలాంటి మత్తుమందు తాళం ఇంకొకరి చేతికిస్తే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, చిప్పకూడు కూడా తినాలి.

ఈ పెద్దాయన సామాన్యుడేం కాదు. అదే ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు లెక్కల విభాగాన్ని గడగడలాడించినవాడు. వెనకాల అందరూ ‘రూళ్ళకర్ర’ అనేవాళ్ళు. మంచాన పడ్డా ఆ బుద్ధి పోలేదు. సూది పడిన టైము గోడ గడియారం చూసి నోటుబుక్కులో స్వయంగా రాసుకునేవాడు.

“ఏడూ నాలుగు. నిన్నటికంటే రెండు నిమిషాలు లేటు, అమ్మాయ్.”

“రెండు నిమిషాలకి జీతం కోసేస్తారా పెదనాన్నా?”

“నేను సీట్లో ఉంటే కోసేవాణ్ణే,” అని నవ్వేవాడు. మందు ఎక్కుతుంటే ఆ ముఖం కాస్త తేటపడేది. నర్సమ్మకు రోజు మొత్తం మీద చూడబుద్ధయ్యే ముఖం అదొక్కటే.

ఇలా సాగుతుండగా ఆఫీసులోకి కొత్త బిల్లుల గుమాస్తా వచ్చాడు. వచ్చిన వారానికే నర్సమ్మ ప్రయాణ ఖర్చుల కాగితం ముందేసుకుని ఆవిణ్ణి పిలిచాడు.

“రోగి ఇంటి నుంచి ఆఫీసుకి బస్సు చార్జీ అని రాశారు. రోగి ఇల్లు ఏ వీధి?”

నర్సమ్మ చెప్పింది.

“మరి మీ ఇల్లు?”

“అదే వీధి సార్.”

“చూశారా!” అన్నాడు గుమాస్తా, దొంగను పట్టుకున్నంత సంబరంగా. “ఇంటి నుంచి ఆఫీసుకి రావడం మీ సొంత ప్రయాణం సిస్టర్. అది ఆఫీసు ఇవ్వదు. మధ్యలో ముసలాయన్ని అడ్డం పెట్టుకుని చార్జీలు లాగుదామనా?”

నర్సమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఏడింటి నుంచి ఎనిమిదింటిదాకా చీమూ నెత్తురూ తుడిచి వస్తే దానికి ఈ పేరు పెడతాడా? అయినా తమాయించుకుంది. “ఆ చార్జీ నాకొద్దు సార్, కొట్టేయండి.”

“వద్దంటే అయిపోదు. సంతకం పెట్టకముందు చేసిన పని ఆఫీసు పని కాదు. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరు జవాబు చెప్పాలి? పదకొండో క్లాజు చూసుకోండి. ముందు సంతకం, తర్వాత రోగి. అప్పుడైతే ఆఫీసు నుంచి ఆయన ఇంటికి పోను, రాను, రెండు చార్జీలూ మీకు వస్తాయి.”

“అప్పుడు ఆఫీసుకే రెండింతలు ఖర్చు కదా సార్?”

“ఖర్చు సంగతి కాదు, పద్ధతి.”

చేతిలో మెమో పెట్టాడు. ఇంకోసారి సంతకానికి ముందు రోగిని చూస్తే కాంట్రాక్టు రద్దు. నర్సమ్మ మొగుడు నిచ్చెన మీంచి పడి తొమ్మిది నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. కూతురి చదువు ఇంకో ఏడాది ఉంది. ఇల్లంతా ఆవిడ సంతకం మీదే నడుస్తోంది. నోరు మూసుకుని బయటికొచ్చింది.

మర్నాడు ఏడుంపావు బస్సెక్కింది. ఆ బస్సు పోయేది పెద్దాయన కిటికీ ముందు నుంచే. ఆవిడ కావాలని అవతలి వైపు సీట్లో కూర్చుంది. తిరిగి ఆయన ఇంటికి చేరేసరికి పదిన్నర. పెద్దాయన తువ్వాలు పళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. కోడలు నిప్పులు కక్కింది.

“నాలుగు గుమ్మాలు దాటడానికి ఇంత పొద్దెక్కాలా అక్కా? పొద్దున్నుంచీ ఒకటే అరుపులు. మీకు మనసెలా ఒప్పింది?”

నర్సమ్మ ముందు సూది వేసింది. ఆ తర్వాతే సంగతంతా చెప్పింది. పెద్దాయన కళ్ళు మూసుకునే విన్నాడు.

“ఏ క్లాజు అన్నాడు?”

“పదకొండు.”

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. “అది నేను రాసిందేనమ్మా. అప్పట్లో ఒక దొంగవెధవ ఉండేవాడు. బావమరిది ఇంట్లో పేకాడి, రోగి ఇంటికి వెళ్ళొచ్చానని బిల్లు పెట్టేవాడు. వాడొక్కణ్ణి పట్టుకోవడం చేతకాక అందరికీ కలిపి రాసిపారేశాను.”

“పోనీ ఏడింటికి సూది వేసి, పదిన్నర అని రాయండి అక్కా,” అంది కోడలు. “ఎవరు చూడొచ్చారు?”

“అలా రాస్తే ఆ టైము చూసి డాక్టరు చెప్పే సాయంత్రం మోతాదు తప్పుతుందమ్మా. ఆ మందుతో ఆటలాడకూడదు,” అంది నర్సమ్మ.

“దొంగ టైము నా పుస్తకంలో పడనివ్వను,” అన్నాడు పెద్దాయన. “ఉత్తరం నేను రాస్తాను. నా మాట తీసెయ్యరు.”

రెండు రోజులు కూర్చుని ఒక్క పేజీ రాశాడు. తన కోసం కాదనీ, ఇలాంటి నొప్పి ఉన్న రోగులందరి కోసం క్లాజు సడలించమనీ అడిగాడు. నర్సమ్మే తీసుకెళ్ళి ఇచ్చింది. వారానికి జవాబొచ్చింది. దానికి ఒక పాత కాగితం నకలు పిన్ను కొట్టి ఉంది. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివాడు.

“రోగి పరిస్థితి ఎలాంటిదైనా, ఏ కారణం చేతనైనా, ఈ క్లాజు సడలించరాదు.”

కింద ఆయన సంతకమే.

“ఎంత ముచ్చటగా పెట్టేవాణ్ణో చూశావా సంతకం,” అని నవ్వబోయాడు. నవ్వితే కడుపు లాగింది. కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

పద్దెనిమిదో తారీఖున బస్సు సరిగ్గా ఆ కిటికీ ఎదుట ఆగింది. ముందు ఏదో బండి అడ్డంగా ఉంది. అవతలి సీట్లు ఖాళీ లేక ఆవిడ ఆ రోజు ఇవతలే కూర్చుంది. పెద్దాయన మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుని ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. బస్సు హోరులో ఏమీ వినపడలేదు. కళ్ళు మాత్రం ఆవిడ మీదే.

నర్సమ్మ లేచి నిలబడింది. సంచిలో తాళంచెవి చేతికి తగిలింది. పది అడుగులు వేస్తే గుమ్మం.

“దిగుతారా అమ్మా?” అన్నాడు కండక్టరు.

దిగాలనే ఉంది. దేవుడి తోడు, దిగాలనే ఉంది. కానీ మెమో గుర్తొచ్చింది, మంచం మీద మొగుడు గుర్తొచ్చాడు. మూడు గంటల్లో వచ్చేస్తాను కదా అనుకుంది, ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాడు కదా అనుకుంది.

“లేదు,” అని కూర్చుంది.

పదిన్నరకు వచ్చేసరికి గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. కోడలు ఈసారి ఒక్క మాట కూడా దెప్పలేదు.

“ఎనిమిదిన్నరకి పోయారక్కా. మిమ్మల్ని బస్సులో చూశారట. ‘సంతకానికి పోతోంది, పదిన్నరకి వచ్చేస్తుంది, దాన్నేమీ అనకు’ అన్నారు. ఆ తర్వాత అరుస్తూనే పోయారు.”

నోటుబుక్కు మంచం మీదే ఉంది. చివరి గీత మీద అక్షరాలు వంకర తిరిగిపోయాయి. ‘ఏడూ ఇరవై రెండు. బస్సు వెళ్ళింది.’ నర్సమ్మ పెట్టె తాళం తీసి, వాడని మందు సీసాలు లెక్కపెట్టి, మళ్ళీ తాళం వేసింది. అది కూడా ఆవిడ పనే.

నెల తిరిగింది. గుమాస్తా ముఖం చాటంత చేసుకుని ఆవిణ్ణి పిలిచాడు.

“చూశారా సిస్టర్, ఈసారి ఒక్క ఎర్రగీత లేదు. బిల్లంటే ఇలా ఉండాలి.”

“పద్దెనిమిదో తారీఖుది కొట్టేయండి సార్. ఆ రోజు నేను సూది వెయ్యలేదు.”

“ఆ ఇంటికి వెళ్ళారా, లేదా?”

“వెళ్ళాను.”

“సంతకం పెట్టాకే కదా?”

“పెట్టాకే.”

“అయితే రూలు ప్రకారం అది మీకు రావాల్సిందే. కొట్టెయ్యడానికి వీల్లేదు,” అంటూ రిజిస్టరు ఆవిడవైపు తిప్పాడు. “ఇక్కడ సంతకం పెట్టండి.”

నర్సమ్మ పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.