పదకొండు అంశాలు, రెండు తెల్ల డబ్బాలు

2023 అక్టోబరు చివరి ఆదివారం, గల్ఫ్‌లో, అజ్మాన్‌లోని మా అమ్మాయి ఫ్లాటులో జరిగిన సమావేశానికి హాజరైనవారు, హోదా క్రమంలో: సోఫాలో విశ్రాంత జిల్లా విద్యాధికారినైన నేను; ఫోను పట్టుకొని మా అల్లుడు గంగాప్రసాద్; వంటగది గుమ్మంలో ఇంటిపని చూసే కొమురవ్వ; చిట్టచివర, ఉట్నూరు దగ్గరి గూడెం నుంచి ఫోను తెరపై, ఆమె కూతురు ప్రేమ. క్రమం నేను నిర్ణయించినదే. సమావేశం మాత్రం ప్రేమ గురించి.

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన ఆ గోండు పిల్ల ఆశ్రమ పాఠశాలకు తిరిగి వెళ్లనంటోంది. పదో తరగతి. మర్నాటికి చేరకపోతే పేరు కొట్టేస్తారట.

గిరిజన విద్యార్థులలో చదువుపై ఆసక్తి పెంపొందించుట గురించి నేనొకప్పుడు సమర్పించిన నివేదిక నాకు కంఠస్థం. కళ్ళజోడు సవరించుకొని ప్రసంగించాను. ఏడో అంశం వద్ద అల్లుడు, "మామయ్యా, ఇంక ఖలాస్ చేయండి, పిల్ల ఆవలిస్తోంది," అన్నాడు. నేను ఎనిమిదో అంశానికి వెళ్లాను.

పదకొండూ అయ్యాక ప్రేమ అంది: "మంచిగనే చెప్పిన్రు సార్. క్లాసుల సారు చదువుతడు, మేం రాస్తం. నన్ను ఏమన్న అడిగెటోళ్లు లేరు. మీరు సుత అడగలే."

నేను మొదటి అంశం మళ్లీ ఎత్తుకున్నాను.

కొమురవ్వ గోండీలో ఏదో అని, రెండు మందుల డబ్బాలు రెండు చేతులా ఫోను ముందు పట్టింది. మా కోసం తెలుగులో చెప్పింది: "నాకు సదువు రాదు. సార్ గోలీలు రంగు చూసి ఇస్తున్న. పసుపుది పొద్దుగాల, నీలంది రాత్రి. ఈసారి రెండూ తెల్లయే అచ్చినయ్. మూడు దినాల సంది భయమైతుంది. సదువు బిడ్డా."

డబ్బాల మీది ఇంగ్లీషు చీటీలను ప్రేమ కూడబలుక్కొని చదివింది. "ఎడమ చేతిలది రాత్రిది, అవ్వా."

"అదే పొద్దుగాల ఇస్తున్న."

మూడు రోజులుగా నా మధ్యాహ్నపు గంభీర మౌనాన్ని చింతన అనుకున్నాను. అది రాత్రి మాత్ర తెచ్చిన నిద్ర. ఉపన్యాసానికి పెట్టుకునే కళ్ళజోడు మాత్రలకు పెట్టుకోవడం నా హోదాకు తక్కువ కనుక, సాసరులో వచ్చినది మింగాను. ముప్పై ఆరేళ్లు అక్షరాస్యత గురించి మాట్లాడిన నేను, ఆ సాసరు అందించే మనిషికి చదువు వచ్చునో రాదో అడగలేదు.

"రెండోది దేనికి సార్?" అంది ప్రేమ.

"రక్తపోటుకు."

"అది ఎందుకైతది?"

"అది డాక్టరుకు తెలుసు," అన్నాను.

"మా సైన్సు బుక్కుల ఉంది. బుక్కు హాస్టల్ల పెట్టిన."

"అయితే పోయి సదివి, అచ్చే ఐతారం నాకు చెప్పు," అంది కొమురవ్వ. "సార్‌కు తెల్వదట."

మర్నాడు ప్రేమ బడికి వెళ్లింది. ఆదివారం వార్డెన్ ఫోను నుంచి రక్తపోటు ఎందుకొస్తుందో గుండె గదులతో సహా చెప్పి, నన్ను మూడు ప్రశ్నలు అడిగింది. ఒకటి తప్పాను.

ఆ పిల్లను తరగతికి చేర్చినది నా పదకొండు అంశాలు కావనీ, తనకు చదవడం రాదని మా అందరి ముందు చెప్పి, కూతురి చేత చదివించిన శ్రీమతి కొమురవ్వ గారేననీ, కళ్ళజోడు పెట్టుకొని మరీ, ఇక్కడ నమోదు చేస్తున్నాను.