మందు వాసన

“సబ్బు వాసన వస్తోంది, లోపలికి రాకండి” అని నేను మొదటిసారి అన్నప్పుడు మా ఆయన పగలబడి నవ్వారు. “నా ఇంట్లో నా గదిలోకి నేను రావడానికి పురుగుల పర్మిషన్ కావాలా?” అన్నారు. కానీ నేర్చుకున్నారు. పట్టుపురుగుకి పౌడరు వాసన కూడా పడదనీ, పొగాకు నలిపిన చేత్తో ఆకు ముట్టుకుంటే అది తిన్న పురుగు గిలగిల్లాడి చస్తుందనీ, దోమల మందు మాట ఆ గది ఛాయల్లో ఎత్తకూడదనీ నాతో సమానంగా ఆయనకీ తెలుసు. చుట్టాలొస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆయనే చెప్పేవారు, ఏదో తన గొప్పే అన్నట్టు.

ఆ పొద్దున తోట నుంచి మల్బరీ ఆకు మోసుకొచ్చి, పెరట్లో చేతులు కడుక్కుంటూ ఆగిపోయాను. గదిలోంచి చప్పుడు లేదు. గూడు కట్టబోయే ముందు పురుగులు ఆబగా తింటాయి. వేల నోళ్ళు ఒక్కసారిగా ఆకు నములుతుంటే పక్కగదిలో ఎవరో ఎండుటాకుల మీద ఆగకుండా నడుస్తున్నట్టుంటుంది. ఆ నడక ఆగిపోయింది.

తలుపు తోశాను. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఎప్పుడూ వెయ్యని ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. అయినా ముక్కుకి తగిలింది ఆ వాసన, తియ్యగా, కిరసనాయిలు కలిసినట్టు. తట్టల్లో పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోళ్ళలోంచి ఆకుపచ్చ నీళ్ళు కారుతున్నాయి. వేలెడు పొడవున నిగనిగలాడినవి సగానికి ముడుచుకుపోయాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. నా చేతిలోనే మెలితిరిగి, ఊరుకుంది.

నేను ఏడవలేదు. ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాను. పొరపాటున మందు కొట్టినవాళ్ళు వాసన దాచడానికి ఫ్యాను వేస్తారా?

ఆ పురుగులు కొన్నవి కావు. ప్రతి పంటలోనూ గట్టి గూళ్ళు ఏరి పక్కన పెట్టేదాన్ని. వాటిలోంచి రెక్కల పురుగులు బయటికొచ్చాక, ఏ మగదాన్ని ఏ ఆడదానితో జతకట్టించాలో చూసుకుని, మళ్ళీ నా వేళ్ళతోనే విడదీసి, ఆడదానిమీద చిన్న మూత బోర్లించి కాగితంమీద గుడ్లు పెట్టించేదాన్ని. ఎండకి తట్టుకునే పురుగు కావాలని ఏళ్ళ తరబడి అదే పని. దానితోపాటు వంట, అంట్లు, బట్టలు, అత్తగారి మోకాళ్ళకి కాపడం. వీధిలో నన్ను పురుగులమ్మ అంటారు. మా ఆయన మాత్రం ఎవరడిగినా “ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా, ఏదో కాలక్షేపం” అనేవారు. గూళ్ళు బజారుకి తీసుకెళ్ళేది ఆయన కాబట్టి అక్కడ పెంపకందారు ఆయనే.

కిందటి వారం, పట్టుపురుగుల గుడ్లు తయారుచేసి రైతులకిచ్చే విత్తన కేంద్రం నుంచి మేడమ్ వచ్చారు. పురుగుల్ని చాలాసేపు చూసి, ఆయన్ని దాటుకొచ్చి నాతో మాట్లాడారు. “ఈసారి మీ గూళ్ళన్నీ విత్తనానికి మేమే తీసుకుంటాం. మీరూ రండి. కొన్నాళ్ళు మా దగ్గరుండి మా అమ్మాయిలకి ఈ పని నేర్పండి.” మా ఆయన నవ్వుతూ “తప్పకుండా పంపిస్తాను మేడమ్” అన్నారు. ఆవిడ వెళ్ళాక ఆ సంగతే ఎత్తలేదు. అన్నానికి కూర్చుని, కూరలో ఉప్పెక్కువైందని మాత్రం అన్నారు.

పురుగుల గదిలోంచి ముందుగదిలోకి వచ్చేసరికి ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు.

“గదిలోకి ఎవరెళ్ళారండీ?”

“దోమలెక్కువయ్యాయి. కాస్త మందు కొట్టాను.”

అప్పటికీ నేను ఆయన కోసం సాకు వెతుకుతూనే ఉన్నాను. నిద్రమత్తులో కొట్టారేమో, మర్చిపోయారేమో అని. ఆయన చేసినదానికి సర్దిచెప్పుకోవడం కూడా ఆ ఇంట్లో నా పనుల్లో ఒకటి.

“మీకు తెలుసు కదా” అన్నాను.

అద్దంలోంచే నన్ను చూశారు. “పురుగులే కదా, మళ్ళీ పెంచుకో. నీకు ఇంకేం పని? ఆ మేడమ్‌కి రోగమొచ్చి పోయాయని చెప్పు. ఎవరికైనా వచ్చేదే.”

నా కాళ్ళకింద నేల కదిలింది అప్పుడు. పురుగుల్ని చూసినప్పుడు కాదు. నేను ఏం చెప్పాలో కూడా ఈయన ముందే ఆలోచించి పెట్టుకున్నారు. ఇన్నేళ్ళు ఈ మనిషి పక్కన కళ్ళు మూసుకుని పడుకున్నానా?

వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. “నేను వద్దన్నానురా. కాళ్ళకి అడ్డం పడ్డాను.”

“అమ్మా, నువ్వూరుకో.”

“ఊరుకున్నానుగా ఒకసారి! మీ నాన్న నా కుట్టుమిషను పాత ఇనప సామాన్లవాడికి వేసేసినప్పుడు ఊరుకున్నాను. దొంగలెత్తుకుపోయారని ఈ నోటితోనే వీధంతా చెప్పాను.” ఆవిడ నావైపు తిరిగింది. “నీకూ అదే చెప్పాను కదమ్మాయ్. ఏ దొంగా రాలేదు.”

మాకు పెళ్ళైన కొత్తలో ఆ దొంగతనం కథ ఆవిడ నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను వెళ్ళి ఫోన్ తీశాను.

“చెప్పండి, ఎలా ఉన్నాయి మీ పిల్లలు?” అంది అవతలి నుంచి మేడమ్ గొంతు.

“చచ్చిపోయాయి మేడమ్.”

“అయ్యో! రోగమా?”

మా ఆయన చెంపమీద నురగతో నా ఎదురుగా వచ్చి నిలబడి, అవునని చెప్పమన్నట్టు తల ఊపారు.

“కాదు మేడమ్. మా ఆయన మందు కొట్టి చంపారు.” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “గూళ్ళు తేలేను. నేనొక్కదాన్నే రావచ్చా?”

“రేపే రండి” అన్నారు ఆవిడ.

ఫోన్ పెట్టేశాను. ఆయన చెంపమీది నురగ తువ్వాలుతో తుడుచుకున్నారు. చివరికి ఆయనకి దొరికిన మాట ఒక్కటే.

“వెళ్తావు సరే, గదినిండా చచ్చిన పురుగులున్నాయి. అవన్నీ ఎవరెత్తుతారు?”

“మీరే” అన్నాను.