గడపలు తీసేసిన ఇల్లు

చూపు పూర్తిగా పోయినా పామర్రులోని తన ఇంట్లో శౌరమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగేది. ప్రతి గుమ్మానికీ చెక్క గడప ఉండేది. కాలికి తగలగానే ఏ గదిలోకి వెళుతోందో తెలిసిపోయేది. వంటింటిది పొట్టిది, పడగ్గదిది మధ్యలో అరిగినది, వీధి గుమ్మానిది అన్నిటికన్నా ఎత్తు.

షుగరు వ్యాధి వల్ల ఆమె భర్త కృపానందానికి ఒక కాలు తీసేశారు. కూతురు వినీల బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర స్కూల్లో టీచరు. తండ్రి ఆస్పత్రిలో ఉండగానే, తల్లిని తన దగ్గర పెట్టుకుని, చక్రాల కుర్చీకి వీలుగా ఇంటిని బాగు చేయించింది. గడపలన్నీ పీకించి, నేలంతా ఒకే మట్టానికి తెచ్చి టైల్స్ వేయించింది. వీధి మెట్లు కొట్టించి వాలుగా ర్యాంపు కట్టించింది. కృపానందం తనంతట తాను కుర్చీ నడుపుకుంటూ ఇల్లంతా తిరిగి మురిసిపోయాడు.

శౌరమ్మకు మాత్రం ఆ నేల మీద అడుగు పెట్టగానే గుండెల్లో రాయి పడింది. ఎటు వెళ్ళినా ఒకటే నునుపు. సొంతింట్లో దారి తెలియడం లేదంటే కూతురి మనసు నొచ్చుకుంటుందని నోరు మెదపలేదు. గోడలు తడుముకుంటూ నెట్టుకొచ్చింది.

వినీల బెజవాడ వెళ్ళిపోయిన మర్నాడు మధ్యాహ్నం, పెరట్లో ఆరేసిన దుప్పట్లు తీద్దామని శౌరమ్మ నిద్ర లేచింది. మంచానికి ఏ వైపు దిగిందో గమనించుకోలేదు. గోడ చేతికి అందలేదు. చేతులు చాచి నడుస్తూ పోయింది. గడప తగిలితే ఆగేదేమో! ముఖానికి ఎండ తగిలితే పెరడే అనుకుంది. మరో అడుగు వేసేసరికి కాళ్ళ కింద నేల వాలిపోయింది. ఒళ్ళు ముందుకు తూలి, ఆపుకోలేక, పరుగులాంటి నడకతో దిగిపోయింది. అరికాళ్ళు చుర్రుమన్నాయి. తారు రోడ్డు.

చెవి పక్కనే హారన్ మోగింది. లారీ పోయిన ఊపుకు కొంగు ఎగిరిపోయింది. ఇల్లు ఏ వైపుందో తెలియలేదు. వెనక్కి అనుకుని వేసే అడుగు రోడ్డు మధ్యకే పడుతుందేమో.

"శౌరీ, కదలమాక. ఆడే నిలబడు."

కృపానందం గొంతు. వెంటనే ర్యాంపు మీద చక్రాల చప్పుడు. వాలులో కుర్చీని ఆపడం ఆయనకింకా చేతకాదు.

"మీరు రామాకండి!"

ఆ మాట పూర్తయ్యేలోపే కుర్చీ వచ్చి ఆమె పిక్కకు కొట్టుకుంది. ఆయన చెయ్యి ఆమె మణికట్టును పట్టేసుకుంది. వెనక వస్తున్న ట్రాక్టరు అతను బండి అడ్డం పెట్టి మిగతా వాటిని ఆపాడు. పక్కింటి తెరేసమ్మ పరుగెత్తుకొచ్చి ఇద్దర్నీ లోపలికి చేర్చింది.

సాయంత్రానికల్లా వినీల వచ్చింది. సంగతి విని ఏడ్చింది. గడపలు మళ్ళీ పెట్టించేస్తానంది.

"పెట్టిస్తే మీ నాన్న గదిలోనే ఉండిపోవాలి. ఇయ్యాల ఆయన నా దాకా వచ్చాడంటే ఆ వాలు ఉండబట్టేగా," అంది శౌరమ్మ.

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు."

ఈసారి వినీల తల్లిని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పుల్లేకుండా నిలబెట్టి, ఆమె కాలు ఒప్పుకున్నాకే పని చేయించింది. గుమ్మాల్లో టైల్స్ తీయించి, పాలిష్ పట్టని గరుకురాయి పట్టీలు నేల మట్టానికే వేయించింది. ఒక్కో గుమ్మానికి ఒక్కో రకం గరుకు. ర్యాంపుకు కమ్మీలు, పైన చిన్న గేటు పెట్టించింది.

అయినా శౌరమ్మ భయం అంత తేలిగ్గా పోలేదు. చాలా రోజులు ముందు గదిలోకే రాలేదు. ఒక ఆదివారం గుడికి బయల్దేరుతూ కృపానందం పిలిస్తే వీధి గుమ్మం దాకా వచ్చి, గోడ పట్టుకుని గరుకు పట్టీ మీద కాళ్ళు బిగించి నిలబడింది.

"గేటు ఏసుందా?" అని అడిగింది.

గడియ కదిపి చప్పుడు వినిపించాడాయన. ఆమె ఇంకా గోడ వదల్లేదు.