మగ్గం గుంట

ఆదోని బస్సు ఇంకో గంటలో వస్తుంది. రంగన్న సంచి సర్దుకుంటుంటే సరోజమ్మకు ఒళ్లు మండిపోతోంది. మొగుణ్ణి బొంబాయి రైలెక్కించే వాడు పరాయివాడైతే చీపురు తిరగేసేది. ఏం చేస్తుంది, సొంత అన్న శేషన్న!

బొంబాయి ఆసుపత్రిలో షేకు ఒకాయన విమానం దిగి పడుకున్నాడట. ఆయనకు కిడ్నీ కావాలి. కర్నూలులో తీయించిన రంగన్న రక్తం సరిపోయిందని కబురొచ్చింది. ఇస్తే ఇరవై వేలు. ఎమ్మిగనూరులో చీరకు పద్దెనిమిది రూపాయల కూలి పుచ్చుకునే నేతగాడికి ఆ మాట వింటేనే తల తిరుగుతుంది. పైగా నూలు ధర పెరిగి సగం మగ్గాలు మూలపడ్డాయి. పైదేశాలవాళ్లు మన వైద్యం కోసం వస్తున్నారని పేపర్లు తెగ మురిసిపోతున్నాయి. ఆ వైద్యానికి సరుకు ఏ వీధి నుంచి పోతోందో ఒక్క పేపరూ రాయదు.

"భయమెందుకు సరోజా? నేనిచ్చి ఏడాదాయె. గుండ్రాయి మాదిరి లేనా?" అన్నాడు శేషన్న, చేతి గడియారం సవరించుకుంటూ.

ఆ ఏడాదిగా అతను మగ్గం ముట్టలేదు. మనుషుల్ని రైలెక్కించడమే పని. డబ్బులొచ్చినవాడికి నేతెందుకని వీధంతా అనుకుంది. సరోజమ్మా అదే అనుకుంది.

రంగన్న మగ్గం మీద ఇంకా జానెడు చీర మిగిలింది. పూర్తికాని చీర వదిలి నేతగాడు ఊరు దాటకూడదు. అది వాళ్ల ఇళ్లలో ఆనవాయితీ.

"ఆ జానెడు నువ్వు నెయ్యన్నా. నీ సెయ్యి మాదిరి సెయ్యి ఈ వీధిలో యాడుంది?" అంది సరోజమ్మ, మనసులో ఏమీ పెట్టుకోకుండానే.

శేషన్న నసిగాడు. టైము లేదన్నాడు. "కూసో బావా" అని రంగన్న కూడా అనేసరికి తప్పక మగ్గం కింది గుంటలోకి కాళ్లు దింపాడు. పిడికెడు చెక్క నాడె పోగును లాక్కుంటూ అటూ ఇటూ కాసేపు పరుగెత్తింది. అంతలోనే అతని చేయి నాడెను వదిలేసి పక్కటెముకల కిందికి పోయింది. ముఖమంతా చెమట. లేవబోయి లేవలేకపోయాడు. రంగన్న చంకల కింద చేతులేసి పైకి లాగాడు.

"బరువెత్తొద్దన్యారు డాక్టర్లు. అంతే," అన్నాడు శేషన్న రొప్పుతూ.

"నాడె బరువా అన్నా?"

అడిగి భోరుమంది సరోజమ్మ. ఏడుస్తూనే మొగుడి సంచి లాక్కుంది. "ఈయన రాడు. గంజి తాగి బతుకుతాం, రాడంటే రాడు!"

"ఆడ షేకు ఎదురు సూస్తాండాడు! మనిషిని తేకుంటే ఏజెంటు నాకు పైసా ఇయ్యడు. నేయలేనోన్ని, నేనేం తినాల?"

రంగన్న సంచి వైపు చూశాడు. బావ నడుము వైపు చూశాడు. మెల్లగా గుంటలోకి దిగి నాడె అందుకున్నాడు.

వీధి చివర బస్సు హారన్ మోగింది. శేషన్న గోడ పట్టుకుని లేచి బయటికి తొంగి చూశాడు.

"మాదన్న ఇంట్లో ఉండాడా? ఆయప్ప రక్తం గూడా సరిపోయిందిలే."

పక్కింటి మాదన్నకు ముగ్గురు పిల్లలు. మగ్గం ఆగి చాన్నాళ్లయింది. సరోజమ్మ కొంగు బిగించుకుని, అన్న కంటే ముందు పోయి ఆ గడపకు అడ్డంగా కూర్చుంది.