గరిక తప్ప

పుటుక్.

తడి మట్టిలో వేరు తెగే చప్పుడు. కార్తీకమాసపు మంచు ఇంకా ఆరలేదు. పొద్దు ఇప్పుడిప్పుడే క్లబ్బు గోడ ఎక్కుతోంది.

పుటుక్... పుటుక్...

నర్సింహమ్మ గొంతుక్కూర్చుని కలుపు తీస్తోంది. నలభై ఏళ్లుగా తీస్తున్న కలుపే. చేతులకు చెప్పాల్సిన పని లేదు. కళ్లు మూసుకున్నా గరికను పట్టుకుంటాయి, వేరుతో సహా లాగుతాయి.

అదే కొంప ముంచింది.

తన ఊరు లక్డారం చేలల్లో గరిక కలుపు. ఈ గోల్ఫ్ క్లబ్బులో గరికే పంట.

బంతిని మెల్లగా తోసి గుంతలో వేయడం నేర్చుకునే పచ్చిక అది. అలికిన వాకిలంత నున్నగా ఉంటుంది. ఇప్పుడు దాని నడుమ జానెడు బోడి మచ్చ. ఆమె పనిలో చేరి అది మూడో రోజు.

సూపర్‌వైజర్ శ్రావణ్‌కుమార్ వచ్చి నెత్తి పట్టుకున్నాడు.

“గిదేం పనమ్మా? ఈడ గరిక తప్ప అన్నీ పీకాలె. ఇంకోసారి గిట్లయితే ఇగ పనికి రాకు.”

గరిక తప్ప అన్నీ.

ఒళ్లు మండింది నర్సింహమ్మకు. ఆ పిల్లగాడి మీద కాదు. తన చేతుల మీదే.

ఈ పని పోకూడదు. మొగుడు పెంటయ్య చేసే ఫ్యాక్టరీ మూతపడి ఏడాదైంది. మిగిలింది అరెకరం. చుట్టూ ప్లాట్లు, హద్దురాళ్లు — నడుమ వాళ్ల జొన్నచేను. అమ్ముదామంటాడు పెంటయ్య. రోజూ అంటాడు. ఆమె జవాబు రోజూ ఒక్కటే.

“నా చేతులు ఆడినన్ని దినాలు చేను అమ్మేది లేదు.”

ఆ చేతులకే ఇప్పుడు కొత్త పాఠం.

తుంగ — తీయి. వెడల్పాకు — తీయి. గరిక — ఆగు.

ఆగు అంటే ఆగవు. మొండి చేతులు. తన వేళ్లను తానే చరుచుకుంది.

అవతల ప్రాక్టీసు వరుసలో పెద్దమనుషులు బంతులు కొడుతున్నారు. టప్... టప్... ఒకటే ఊపు, వందసార్లు. వాళ్లూ చేతులకే నేర్పుతున్నారు. గురి తప్పితే కర్రను తిడతారు. తను దేన్ని తిట్టాలి?

తుంగ — తీయి. గరిక — ఆగు.

ఇరవై రోజులు.

ఇరవై ఒకటో రోజు శ్రావణ్‌కుమార్ పచ్చికంతా తిరిగి చూశాడు. ఒక్క తప్పు దొరకలేదు.

“ఇప్పుడు పనొచ్చిందమ్మా నీకు.”

ఎన్నాళ్లకో కడుపు నిండినట్టయింది. కొంగు బిగించి నేరుగా చేనుకే నడిచింది. జానెడెత్తు జొన్న. సాళ్ల నడుమ గరిక అల్లుకుంది. ఈ పంటకు తొలి కలుపు.

గొంతుక్కూర్చుంది. మనసు పిల్లగాడి మాట దగ్గరే ఉంది. పని చేతులది. ఎంత తేలిగ్గా సాగుతోందో ఇవాళ... చప్పుడే లేదు.

గట్టు మీదికి పెంటయ్య వచ్చి నిలబడ్డాడు.

“ఏందే... గరిక ఇడిసి జొన్న పీకుతున్నవ్?”

కిందికి చూసింది.

పక్కన కుప్పగా జొన్న మొలకలు. ఒక సాలంతా బోడి. గరిక మాత్రం ఎక్కడిదక్కడే, పచ్చగా, చెక్కుచెదరకుండా.

అమ్ముదామని అనలేదు పెంటయ్య. అంటే బాగుండేది. తిరగబడి నాలుగు మాటలు అనేది. అతను వంగి, ఒక మొలకను తిరిగి మట్టిలో గుచ్చి, చుట్టూ వేలితో అదిమాడు. అది తల వాల్చింది.

నర్సింహమ్మకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. గుప్పెడు గరిక దొరకబుచ్చుకుంది.

లాగు.

చేతివేళ్లు బిగుసుకున్నాయి, లాగలేదు.

లాగవే...

పొద్దు గుంకుతోంది. మట్టి తడిగానే ఉంది. గరికను పట్టుకుని అలాగే కూర్చుంది నర్సింహమ్మ — వేరు తెగే ఆ చప్పుడు కోసం చెవి పెట్టి.