అపకీర్తికి ఉదాహరణము

హేమంతారంభమున కృష్ణాతీరమందలి యాపట్టణము నీహారధవళకంబళమును ముసుఁగిడి నిన్నటి యంట్లు దలఁచుకొని లేవనొల్లని యిల్లాలివలె నుండ మార్గశిరబాలభానుఁడు మిషను బంగళా గవాక్షమునుండి లోనికిఁ దొంగిచూచుచుండెను. అందు వృద్ధుఁడగు అంబ్రోజు పాదిరియు నాతని లాటిను నిఘంటువునకుఁ దెలుఁగర్థములు సమకూర్చు చర్ల లింగావధానియు నెదురెదురుగాఁ గూర్చుండి యుండిరి.

పాదిరికొలువునఁ గుదిరిన పాపమునకు అవధానిని పొరుగింటి దర్భాకుల యజ్ఞన్న సోమయాజి వెలివేయించెను. మూఁడేండ్లుగా అవధానియింట నిప్పుగాని నీరుగాని పుచ్చుకొనినవారు లేరు.

ఆనాఁటి పదము ఇన్‌ఫామియా.

"అపకీర్తి, అవధానిగారూ. రోము పోయినది, ఆ భాష మాటలాడువారు పోయిరి. ఈ మాట మాత్రము పోలేదు. ఫ్రెంచివారియింట, ఇటలీవారియింట, ఇంగ్లీషువారియింట దీని పిల్లలు సుఖముగా నున్నారు. ఉదాహరణమొకటి వ్రాయుఁడు" అని పాదిరి పలికెను.

అవధాని మూఁడేండ్ల కడుపుమంటను కలమునకెక్కించి 'దర్భాకులవారిది లోకమెఱిఁగిన యపకీర్తి' యని వ్రాసెను. ఆ కాగితము సాయంకాలము చెన్నపట్టణపు అచ్చుకూటమునకుఁ బోవలసియుండెను. అచ్చుపడినది ఆచంద్రార్కము నిలుచునుగదా యని యుప్పొంగి మధ్యాహ్నము భార్యకుఁ జెప్పెను.

కామాక్షమ్మ రోటిలోఁ జింతకాయలు దంచుట మానకయే "బాగానే ఉందండీ. మరి వకుళకేం చెప్పమంటారు?" అనెను.

"ఏ వకుళ?"

"సోమయాజిగారి కోడలు. ఐదో నెల. నోటికేదీ సయించక మన పచ్చడికోసం పెరటిగోడ దగ్గర నిలబడుతోంది. నెలరోజులుగా గిన్నె దాటిస్తున్నా."

"వెలివేసిన యింటి పచ్చడా! ఆయనకి తెలుసునా?"

"తెలిస్తే ఆ పిల్లని పుట్టింటికి తోలేస్తారు. అందుకే ఆయనకీ చెప్పలేదు, మీకూ చెప్పలేదు." రోకలి క్షణమాగెను. "పుట్టబోయేవాడిదీ ఆ ఇంటిపేరేనండీ. మన ఉప్పూకారం తిని పెరుగుతున్నాడు. పుట్టకముందే అచ్చులోకి ఎక్కించేస్తారా?"

అవధాని యుత్తరీయమైనను సవరించుకొనక మిషనునకు నడచి కట్టలు గట్టుచున్న పాదిరి చేతినుండి కాగితము నందుకొని యా పంక్తిని గొట్టివేసెను.

"చక్కని వాక్యము! ఏల కొట్టితిరి?"

"దాని పిల్లలు సుఖముగా ఉన్నారంటిరిగదా, పాదిరిగారూ. మా వీధిలో ఇంకొకటి పుట్టనక్కఱలేదు."

ఆ నిఘంటువునం దాపదమునకు నేఁటికిని ఉదాహరణము లేదు. అచ్చువాని యేమఱుపాటని పండితులు తలంతురు.

మఱునాఁటి యుదయమున మంచుతెరలో దర్భాకులవారి పెరటిగోడమీఁదికిఁ బచ్చడిగిన్నె నెత్తిపెట్టిన చేతివ్రేళ్లకుఁ బసుపు గాక సిరా యంటియుండెను.