కింది గదిలో మంచం

ఆ ఇంట్లో ఎవరినైనా కిందికి దించారంటే, ఇక పైకి ఎక్కరని అర్థం.

తప్పు మనుషులది కాదు, మెట్లది. ఐదువందల ఏళ్ళ కిందట ఆ రాతి ఇల్లు కట్టించిన దొర పడకగది పైన పెట్టి, గోడ పక్కన బురుజు లేపి, అందులో చుట్లు తిరిగే మెట్లు వేయించాడు. కత్తి దూసి పైకొచ్చే శత్రువుకి చెయ్యి ఆడకూడదని ఆలోచించాడు గానీ శవపేటిక ఎలా తిరుగుతుందో ఆలోచించలేదు. దొరలు పోయి రైతులొచ్చారు. మెట్లు మాత్రం అవే. అందుకే ముసలివాళ్ళను ఊపిరుండగానే కింది పెద్దగదిలోకి, పొయ్యి పక్కకు చేర్చేవారు.

ఆపిల్ పళ్ళ కోతలప్పుడు ఒనెజీమ్ మంచాన పడ్డాడు. భార్య జేలీని ఒక్కటే అడిగాడు.

"నన్ను దించకే. కింది మంచం ఎక్కాక మా నాన్న నాలుగు రోజులు పొయ్యిలోకి చూస్తూ ఏడ్చాడు. నాకీ కిటికీ చాలు."

ఆ కిటికీని నాలుగు గళ్ళుగా విడదీస్తూ నడుమ రాతి శిలువ ఉంది. కిటికీలకు పన్ను కట్టే రోజుల్లో, శిలువ ఉంటే ఎక్కువ పడుతుందని ముత్తాత మిగతా మూడు కిటికీల శిలువలూ కొట్టించేశాడు. దీన్ని మాత్రం ఇటుకలతో మూసేశాడు. పెళ్ళయిన ఏడాది ఒనెజీమే ఆ ఇటుకలు ఊడదీస్తే, జేలీ తడిగుడ్డతో శిలువ తుడిచింది. తోటలో పళ్ళు రాలే చప్పుడు ఇప్పుడు అందులోంచే వస్తోంది.

"దించను," అంది జేలీ.

మర్నాడు ఆడపడుచు ఆర్మాందీన్ వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"పిచ్చిదానా, ప్రాణముంటే మనిషి తన కాళ్ళు తనే మడుచుకుంటాడు. పోయాక నువ్వు మడుస్తావా?"

"మాటిచ్చాను వదినా."

"మాట దిగుతుందే మెట్లు. పెట్టె దిగొద్దూ?"

అని ఊరుకోక, కింద పొయ్యి పక్కన మంచం లాగింది. పైగది చెక్కపలకల నేల సందుల్లోంచి ఆ చప్పుడు పైకి వచ్చింది.

"ఏంటే అది?" అన్నాడు ఒనెజీమ్.

"పళ్ళు ఆరబెట్టడానికి మీ అక్క బల్ల వేస్తోంది."

కాసేపటికి దబదబా దిండు దులిపిన చప్పుడు.

"పళ్ళకి దిండు కూడానా?" అని నవ్వాడు.

జేలీకి నవ్వు రాలేదు. ఆ పూట అతను సూప్ ముట్టలేదు.

మూడోనాడు తెల్లవారి ఆమె కిటికీ రెక్కలు తెరిచి వెనక్కి తిరిగేసరికి ఒనెజీమ్ ఊపిరి ఆగిపోయి ఉంది.

వడ్రంగి ఎల్వా వెంటనే వచ్చి కొలకర్రతో మెట్లు కొలిచాడు. "పెట్టె తిరగదమ్మా. ఆ శిలువ కొట్టేస్తే కిటికీలోంచి తాళ్ళతో దించొచ్చు. గంట పని."

"కొట్టెయ్ నాయనా, రాయిదేముంది!" అంది ఆర్మాందీన్.

"వద్దు," అంది జేలీ. "ఒళ్ళు బిగుసుకోకముందే కుర్చీ తే."

"కుర్చీలో శవాన్నా? ఊరు నవ్వుతుందే!"

"నవ్వనీ వదినా. అది ఆయన తెరిచిన కిటికీ."

నల్లకోటు తొడిగి దుప్పట్లతో కుర్చీకి కట్టారు. ఎల్వా కుర్చీ ముందు కాళ్ళు పట్టాడు, జేలీ వెనక పట్టింది. మెట్టు మెట్టుకీ అతని తల ఆమె గుండెకు తగులుతోంది. భుజం గోడకు రాసుకుని నల్లకోటుకి సున్నం అంటుకుంది. బురుజులో చీకటని ఆర్మాందీన్ దీపం పట్టుకుని ముందు నడిచింది. గుమ్మం కిందికి ఉన్నచోట అలవాటుగా వెనక్కి తిరిగి, "తల వంచరా తమ్ముడూ," అంది. అని, దీపం కింద పెట్టేసి మెట్టు మీద కూలబడింది. ఎల్వా, జేలీ కుర్చీని మెట్టు మీద ఆనించారు; ఆమె లేచి దీపం అందుకున్నాక మళ్ళీ ఎత్తారు.

పెద్దగదిలో ఆర్మాందీన్ వేసిన మంచాన్ని దాటించి, భోజనాల బల్ల మీద పడుకోబెట్టారు.

సమాధి చేశాక, వచ్చినవాళ్ళు ఆపిల్ సారా తాగి వెళ్ళిపోయారు. ఆర్మాందీన్ మంచం ఎత్తబోయింది.

"ఉంచు వదినా," అంటూ జేలీ తోటలోకి వెళ్ళింది. నడుముకి కట్టుకున్న ఒళ్ళోగుడ్డ నిండా పళ్ళు తెచ్చి, ఒకదానికొకటి తగలకుండా ఆ మంచం మీద పరిచింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తెచ్చింది.

చోటు చాలడం లేదని ఆర్మాందీన్ దిండు తీయబోయింది.

"అదీ ఉండనీ," అంది జేలీ.